అత్తగారి తూకం

క్వారీ గుంట దగ్గర చీకటి పడ్డాక ఎవరూ కూర్చోరు. గుంట అంటే చిన్నదనుకునేరు. రాయి తవ్వి తవ్వి వదిలేస్తే నీళ్ళు ఊరి ఊరి ఓ చెరువంత అయింది. దాని పడమటి మూల తలుపు లేని పంపు గది ఒకటుంది. మోటారు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు, గది మిగిలింది. ఆ గది గోడ పక్కన... అక్కడే.

అక్కడ ఒంటరిగా ఎవరున్నా, వెనక నుంచి ఒక గొంతు అడుగుతుంది.

"ఎంత?"

అంతే. ఇంకేం అనదు. పీక పిసకదు, జుట్టు విరబోసుకోదు, రక్తం అడగదు. మెల్లగా, మర్యాదగా, ఎంతో ఓపిగ్గా — "ఎంత?"

ఓ ఆటోడ్రైవరు అర్జెంటు పని మీద అక్కడ ఆగి, ఆ మాట విని, కిరాయి అడుగుతున్నారనుకుని "ఎక్కడికి?" అన్నాడట. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. ఆటో అక్కడే వదిలేసి పరుగు. పాలవాడు లీటరు ధర చెప్పాడట. మళ్ళీ "ఎంత?" అని వినపడేసరికి, వణుకుతూనే కొంచెం తగ్గించి చెప్పాడట. వ్యాపారం వ్యాపారమే కదా మరి.

వీళ్ళందరికీ జ్వరం వచ్చింది, పోయింది. పోనిది గాలం వేసేవాళ్ళకే. వాళ్ళకి మాత్రం ఆ గొంతు ఇంటిదాకా వస్తుంది... ఎందుకో చెప్తాను, ఆగండి.

గుంట దగ్గర జరిగింది నేను చూడలేదు, మా బావ చెప్పగా విన్నదే. మా బావ చెప్పేదాంట్లో సగం కొట్టేసి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం కొట్టేయాలి. ఆఖర్న జరిగింది మాత్రం నా కొట్లోనే, నా చెవులారా విన్నాను. నా పని కాటాలు బాగుచెయ్యడం. తూకం విషయంలో నేను అబద్ధం చెప్పను.

మా బావ అంటే మా అక్క మొగుడు. బీమా ఏజెంటు. పగలు మనుషుల చావు గురించి మాట్లాడతాడు, రాత్రి చేపల బరువు గురించి మాట్లాడతాడు.

చేపలు పడతాడంటే ఇంటికి తెచ్చి వండుకుంటాడనుకుంటున్నారా? ఛ ఛ! అది మామూలు మనుషులు చేసే పని. వీళ్ళదో క్లబ్బు. చిన్న చేప పడితే మొహం తిప్పుకుంటారు. పెద్ద చేపే పడాలి. దాన్ని తడి సంచిలో పెట్టి తూచాలి, ఫోటో దిగాలి, మూతికి మందు రాయాలి, ముద్దు పెట్టాలి, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి.

అవును, మందే. గాలం ముల్లు గుచ్చుకున్నచోట రాయడానికి చిన్న సీసా. మా అక్క చెయ్యి ఇస్త్రీపెట్టెకి కాలితే ఈ మహానుభావుడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "కుళాయి కింద పెట్టవే" అన్నాడు. చేపకి మాత్రం ఊదుతూ మరీ రాస్తాడు.

ఎర సంగతి చెప్పనక్కర్లేదు. మా అక్క వంటింట్లో, మా అక్క గిన్నెల్లో, పిండి ముద్దలు చుట్టి, వెనిల్లా సెంటు వేసి, ఉడకబెట్టి, ఆరబెట్టి... కన్నకూతురి పుట్టినరోజుకి ఏనాడైనా వంటింట్లోకి తొంగి చూశాడా అంటే, లేదు.

ఇక ఫోటోలు. చేపని ఒంటికి దగ్గరగా పట్టుకోకూడదట. చేతులు రెండూ ముందుకి బారచాపి, కెమెరాలోకి తోస్తూ పట్టుకోవాలి. అప్పుడు చేప దూడంత కనిపిస్తుంది. ఆ తర్వాత వెనకున్న గట్టూ చెట్టూ గోడా అన్నీ ఫోనులో చెరిపేస్తారు, ఎక్కడ పట్టాడో ఇంకోడికి తెలిసిపోకుండా. వాళ్ళింటి గోడ నిండా అవే. మా బావ ఎక్కడో మేఘాల్లో నిలబడి చేపల్ని అప్పగింతలు పెడుతున్నట్టుంటాడు.

ఆ క్వారీ గుంటలో ఒక బొచ్చె చేప ఉంది. గుంటకంతటికీ పెద్దది. ఎడం చెంప మీద పొలుసులు ఊడిపోయి ఓ తెల్ల మచ్చ. ఆ మచ్చ చూసే దాన్ని గుర్తుపడతారు. క్లబ్బువాళ్ళు దానికి పెట్టిన పేరు అత్తగారు. ఏం పెట్టినా వాసన చూసి, వంక పెట్టి, వదిలేసి పోతుందని ఆ పేరు. మా అమ్మకి ఈ సంగతి తెలిసినప్పటి నుంచి, బావ గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏం అల్లుడూ, ఇంకా దొరకలేదా నేను?" అని పలకరిస్తుంది.

క్లబ్బు గోడకి ఓ చెక్కపలక ఉంది. దాని మీద అత్తగారిని పట్టినవాడి పేరు చెక్కి ఉంది. పళ్ళ డాక్టరు... ఇరవై మూడు కిలోలు. మా బావకి ఆ పలక చూసినప్పుడల్లా అన్నం సహించదు. ఆయన కోరికల్లా ఒక్కటే, ఆ పేరు పీకేసి అక్కడ తన పేరు చెక్కించుకోవడం. "ఆ పలక మీద నా పేరు చూశాకే చస్తాను" అనేవాడు. బీమా ఏజెంటు అయ్యుండీ అంటాడు ఆ మాట.

పళ్ళ డాక్టరు మాత్రం ఆ చేపని పట్టిన రాత్రి తర్వాత మళ్ళీ గుంట వైపు వెళ్ళలేదు. పైగా అప్పటి నుంచి ఆయన క్లినిక్కులో పొద్దున్నించి రాత్రిదాకా రేడియో గట్టిగా మోగుతూ ఉంటుంది. పన్ను పీకించుకునేవాళ్ళ అరుపులు వినపడకుండా కాబోలనుకున్నాం.

అసలు ఆ క్లబ్బు పెట్టింది పోస్టుమాస్టరు. పోయారిప్పుడు. వాళ్ళందరిలో చేప బరువు ఉన్నదున్నట్టు చెప్పేది ఆయనొక్కరే. అందుకే వాళ్ళందరిలో చిన్న చేపలు పట్టింది కూడా ఆయనే. ఓ రాత్రి ఆ పంపు గది పక్కన కూర్చుని, పళ్ళ డాక్టరుకి ఫోను చేశారట. "దొరికిందయ్యా... చెంప మీద మచ్చ. తూచి చెప్తానుండు."

ఆ తూకం చెప్పలేదు. తెల్లారి వెళ్ళి చూస్తే ఆయనో పక్క, కాటా ఓ పక్క పడి ఉన్నాయి. గుండె ఆగిపోయింది. సంచి ఖాళీ. అత్తగారు పొర్లుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నుంచే... ఆ గొంతు.

పళ్ళ డాక్టరు అత్తగారిని పట్టింది ఆ తర్వాతే. అప్పటి నుంచి క్లబ్బంతా ఆ మూల వదిలేసింది. మా బావ మాత్రం అక్కడికే బయల్దేరాడు. "దెయ్యం ఉన్నచోట పోటీ ఉండదు బామ్మర్దీ" అన్నాడు నాతో. ఎంత బాగా ఆలోచించాడో చూడండి!

వెళ్ళేముందు నా కొట్టుకొచ్చి, తన వేలాడే కాటా బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, "దీన్ని కాస్త... చెయ్యి పెద్దది చెయ్యాలి" అన్నాడు.

"అంటే?"

"బరువు కాస్త ఉదారంగా చూపించేట్టు."

"బావా, సీలు వేసే చేతులివి. లేచి వెళ్ళు" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి తనే స్క్రూలు విప్పి, పాత ఇనపసామాన్ల కొట్లో దొరికిన ఓ నీరసపు స్ప్రింగు లోపల తగిలించాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

సరే, ఆ రాత్రి. కుర్చీ, మడత మంచం, దుప్పటి, ఫ్లాస్కు, రాడ్లు, చేప లాగితే కీచుమనే అలారం — సంసారమంతా మోసుకెళ్ళి పంపు గది పక్కన పెట్టాడు. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. గాలి లేదు. కప్పలు కూడా అరవడం లేదట... ఆ మాట మాత్రం బావ కలిపిందేమో నాకు తెలీదు.

ఉన్నట్టుండి అలారం కీచుమంది.

లాగుడంటే లాగుడు కాదట. అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి, మోకాళ్ళు కొట్టుకుపోయి, చివరికి వల కిందికి తోసి గట్టుకి చేర్చాడు. టార్చి వేశాడు. ఎడం చెంప... తెల్ల మచ్చ.

అత్తగారు!

సంచిలో పెట్టాడు. కాటాకి తగిలించి ఎత్తాడు. ముల్లు ఊగింది... ఊగింది... ఆగింది. ఇరవై నాలుగు. ముల్లుతో సహా ఫోటో తీసుకున్నాడు. ఫోను రాయి మీద నిలబెట్టి, చేతులు బారచాపి చేపతో ఇంకో ఫోటో దిగాడు. ఏళ్ళ తరబడి పడ్డ ఆకలికి అన్నం దొరికినట్టయింది మనిషికి.

అప్పుడు వెనక నుంచి — మెల్లగా —

"ఎంత?"

మా బావ ఏం చేశాడో తెలుసా? భయపడలేదు. సంబరపడ్డాడు! అడిగేవాడొకడు దొరికాడు కదా. "ఇరవై నాలుగు!" అని గట్టిగా అరిచి, నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

ఎవరూ లేరు. గోడ. గోడ మీద తన నీడ.

"ఎంత?"

అప్పుడు గుర్తొచ్చింది తను ఎక్కడున్నాడో. "ఇర... ఇరవై నాలుగు."

"ఎంత?"

"ఇరవై మూడున్నర..."

"ఎంత?"

"ఇరవై మూడు మీద... కొంచెం... చాలా కొంచెం..."

చూశారా? అవతల ప్రాణం పోతోంది. అయినా పళ్ళ డాక్టరు కన్నా కిందికి దిగలేదు మా బావ!

"ఎంత?"

ఈసారి చెవి పక్కనే. ఆ ఊపిరి చల్లగా, పాత కాగితాల వాసన వేసిందట. మా బావ చేపని నీళ్ళలోకి దించి, మంచం కుర్చీ ఫ్లాస్కు అన్నీ అక్కడే వదిలేసి, సంచీ కాటా చంకన పెట్టుకుని, పడుతూ లేస్తూ ఇల్లు చేరాడు. దించేముందు మూతికి మందు మాత్రం రాశానన్నాడు. ఈ ఒక్క ముక్కా నేను నమ్ముతాను.

పొద్దున్నే కాఫీ తాగుతూ, కాస్త ధైర్యం వచ్చాక, మా అక్కకి ఫోటో చూపించాడు. "చూడవే. ఇరవై నాలుగు!"

వంటింటి కిటికీ అవతల నుంచి — "ఎంత?"

కాఫీ ఒలికింది. స్నానానికి వెళ్ళి, తలుపేసుకుని, తనలో తాను "ఇరవై నాలుగు" అనుకున్నాడు. వెంటిలేటరు దగ్గర — "ఎంత?" క్లబ్బు సెక్రటరీకి ఫోను చేసి బరువు చెప్తుంటే ఫోనులోనే — "ఎంత?" సెక్రటరీ తననే అడుగుతున్నాడనుకుని మళ్ళీ చెప్పాడు. మళ్ళీ "ఎంత?" సెక్రటరీ ఎప్పుడో పెట్టేశాడట.

పళ్ళ డాక్టరు రేడియో ఎందుకు ఆపడో మా బావకి అప్పుడర్థమైంది.

మా అక్క గురించి చెప్పలేదు కదూ. పోస్టాఫీసులో పార్శిళ్ళ కౌంటరు. దేనికీ బెదరని మనిషి. ఆ గొంతు విని కెవ్వుమనలేదు. గరిటె కింద పెట్టి, తల పక్కకి వంచి, చాలాసేపు విన్నది.

"ఏవండీ... ఇది మా సార్ గొంతు."

"ఏ సారు?"

"మా పోస్టుమాస్టరు గారు. నేను పార్శిలు కాటా మీద పెట్టేదాన్ని. ఆయన చెక్క అడ్డు వెనక కూర్చుని 'ఎంత?' అనేవారు, అచ్చం ఇలాగే. నేను బరువు చెప్తే ముద్ర కొట్టేవారు. బరువు తేలనిదే ఏ పార్శిలూ బల్ల మీంచి కదలనిచ్చేవారు కాదు." అక్క కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు ఆయనే కదల్లేక ఉండిపోయారండీ. చెప్పండి... నిజంగా ఎంత తూగింది?"

బావ తల దించుకున్నాడు. "నాకు తెలిస్తే కదే!"

స్ప్రింగు సంగతి అప్పుడు బయటపడింది. అక్క అరవలేదు. అరిస్తే బాగుండేదన్నాడు బావ.

"శనివారం పలక మీద నా పేరు చెక్కుతారే" అని బతిమాలాడు. "అది కాస్త అయిపోనీ. ఆ తర్వాత నిజం తేలుద్దాం."

"మీ పేరు అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయన ఇక్కడ ఉంటారు. మన ఇంట్లో! మీరే తేల్చుకోండి. పలకా, నిద్రా?"

ఆ సాయంత్రమే ఇద్దరూ నా కొట్టుకొచ్చారు. అక్క చేతిలో బకెట్టు, అందులో నీళ్ళలో నానుతున్న చేప సంచి. బావ చేతిలో కాటా. బావ మొహం చూస్తే నాకు జాలేసింది, నిజం చెప్తున్నాను. ఇంత పెద్ద మనిషి, ఆ పలక కోసం ఎన్ని రాత్రులు దోమలకి రక్తదానం చేశాడో!

షట్టరు సగం దించాను. కాటా కొక్కేనికి తగిలించాను. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద బుద్ధిగా నిలబడింది. ఐదు కిలోల రాయి వేలాడదీశాను. ఏడు దగ్గరికి పోయింది. పది వేశాను. పధ్నాలుగుకి కాస్త తక్కువ.

"బావా, నీ కాటా అచ్చం నీలాగే ఉంది" అన్నాను. "ఖాళీగా ఉంటే నిజం చెప్తోంది. చేతిలో ఏదైనా పడేకొద్దీ అబద్ధం పెరుగుతోంది."

"వెటకారం ఆపి పని చూడు" అన్నాడు.

పని తేలికే. ఆ రాత్రి చేపతో ముల్లు ఇరవై నాలుగు మీద ఆగింది కదా. నా సీలు రాళ్ళు ఒక్కొక్కటీ వేస్తూ ముల్లుని అదే ఇరవై నాలుగుకి తెస్తే, వేసిన రాళ్ళ బరువే అత్తగారి బరువు.

అప్పుడు షట్టరు కింద సందులోంచి... చల్లగా ఏదో తగిలింది కాళ్ళకి.

"ఎంత?"

అప్పటిదాకా నేను నమ్మలేదు. నా చేతిలో రాయి జారి బల్ల మీద పడింది. అక్క మాత్రం, కౌంటర్లో జనంతో అన్నట్టే, "తూస్తున్నాం సార్, ఒక్క నిమిషం" అంది.

రాళ్ళు వేస్తున్నాను. పన్నెండు... పదమూడు... బావ కాటా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముల్లుతో గుసగుసలు మొదలెట్టాడు. "నెమ్మది తల్లీ, నెమ్మది... తొందరేముంది..." అది ఎంత నెమ్మదిగా పోతే అన్ని రాళ్ళు ఎక్కువ పడతాయి. పదిహేను వేసేసరికే ముల్లు ఇరవై దాటింది. బావ కళ్ళు మూసుకున్నాడు. పదహారు. పదిహేడు. అర కిలో రాయి ఒకటి...

ముల్లు ఇరవై నాలుగు మీద ఆగింది.

మా అక్క లేచి నిలబడింది. షట్టరు వైపు తిరిగి, స్పష్టంగా చెప్పింది.

"పదిహేడున్నర, సార్!"

మళ్ళీ "ఎంత?" వస్తుందని ముగ్గురం ఊపిరి బిగబట్టాం. రాలేదు. హమ్మయ్య అనుకోబోతుంటే —

"సంచి తీశావా, అమ్మా?"

ఇన్నాళ్ళలో ఆ గొంతు ఇంకో మాట అనడం అదే మొదలు. అక్క నాలిక కరుచుకుంది. అధికారి ముందు తప్పు దొరికిన గుమాస్తాలాగే చేతులు కట్టుకుంది.

"లేదు సార్. మర్చిపోయాను సార్."

చేపని సంచితో కలిపే తూచాడు కదా బావ! తడి సంచిని బకెట్లోంచి తీసి, నీళ్ళు కారనిచ్చి, నా సొంత కాటా మీద వేశాను. కిలోన్నర. బావ మూలిగాడు.

"సంచి పోను పదహారు, సార్" అంది అక్క.

బయట ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. ఆ చప్పుడు కూడా పోయాక... షట్టరు అవతల, ఓ ముసలాయన నిట్టూర్పు. ఆ తర్వాత చిన్నగా, చిన్నబోయినట్టు —

"...అంతేనా?"

నాకు భయం పోయింది. ఏడుపొచ్చింది. దాని కోసమా మాస్టారూ, అనాలనిపించింది. ఆ చేప కోసమా గుండె ఆపుకున్నారు, చీకట్లో ఆ గోడ పక్కన అన్నాళ్ళు నిలబడ్డారు!

"అంతే, సార్" అంది అక్క. కుడి పిడికిలి ఎత్తి, నా బల్ల మీద ధబ్బున ఒక్క గుద్దు గుద్దింది... ముద్ర కొట్టినట్టు.

కాళ్ళ దగ్గర చల్లదనం పోయింది. ఎవరో మెల్లగా నడుచుకుంటూ వీధి మలుపు తిరిగినట్టనిపించింది. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుని, బకెట్టు అందుకుంది. నేను రాళ్ళు ఒక్కొక్కటీ దింపి సర్దుకుంటున్నాను. అంతా అయిపోయింది. పలక పోతే పోయింది, ఇల్లు దక్కింది.

మా బావ ఇంకా కాటా ముందే మోకాళ్ళ మీద ఉన్నాడు. సంచి అంచు వేళ్ళతో పట్టుకుని పిండి చూస్తున్నాడు.

"అది కాదే... ఆ రాత్రి సంచి ఇంత తడవలేదు. సగమే తడిసింది. ఆ లెక్కన పదహారు కాదు, పదిహేడని వేసుకోవచ్చు. ఆ మాటకొస్తే పద్దెనిమిది..."

అక్క చేతిలోంచి బకెట్టు జారింది.

షట్టరు అవతల నుంచి, మలుపు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చినట్టు, మెల్లగా, మర్యాదగా —

"ఎంత?"